హెడ్‌ఫోను ఆంప్లిఫయరు: కొనే ముందు తెలుసుకొనవలసిన సంగతులు

గత విద్యా సంవత్సరం చివరి దినాలలో మా తరగతి విద్యార్థి ఒకడు అధ్యాపకుల గదికి వచ్చి, కొంతసేపు తటపటాయించి, ఒక ప్రశ్న అడిగినాడు.

"సార్, ఆరు వేలు జమ చేసుకున్న. పాట మంచిగ వినాలంటే హెడ్‌ఫోనుకు ఆంప్లిఫయరు ఉండాలె అంటున్నరు. ఏది కొనమంటరు?"

అతని నివాసం మాణికేశ్వర్ నగర్. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న ఈ బస్తీని, వడ్డెర బస్తీ అన్న పాత పేరుతో పిలిచేవారు నేటికీ ఉన్నారు. ఆ ఇరుకు సందులను ఎరిగినవారికి ఈ ప్రశ్నలోని బరువు తెలుస్తుంది. అతని ఇల్లు ఒకే గది. అందులో నలుగురు మనుషులు. తల్లి తెల్లవారకముందే లేచి పనికి పోవలె. కావున రాత్రి తొమ్మిది దాటిన తరువాత ఆ ఇంట పాట వినబడరాదు. సంగీతం పట్ల ఆ బాలునికి గల ప్రేమ అంతా హెడ్‌ఫోనులోనే ఇమిడి ఉన్నది. ఆరు వేలు అతడు చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన ధనం. అది వృథా కారాదు.

తెలుగు బోధించేవానికి ఈ విద్యుత్పరికరాల గొడవ ఏల అని పాఠకులు అనుకొనవచ్చును. నేను ఎం.ఏ. చదువుతున్న రోజులలో అదే మాణికేశ్వర్ నగర్‌లో అద్దెగది తీసుకొని ఉంటిని. భాషాశాస్త్ర పాఠం కొరకు మాండలికాల ధ్వనిముద్రణలు వినవలసి వచ్చేది. "చలి"లోని దంత్య చకారానికి, "చెలి"లోని తాలవ్య చకారానికి గల భేదాన్ని, మా ఇంటి ఉర్దూలోని కాఫ్, ఖాఫ్ ధ్వనుల భేదాన్ని స్పష్టంగా పట్టుకొనవలెనన్న ఆశతో, ఒక దుకాణదారుని మాట విని, రెండు నెలల మెస్సు బిల్లుకు సరిపడే సొమ్ము పెట్టి ఒక ఆంప్లిఫయరు కొంటిని. గదికి వచ్చి తగిలించి చూడగా పాట బిగ్గరగా వినవచ్చినది. దానితోపాటు ఇంతకుముందు లేని ఒక "సుయ్" మనే రొద కూడ వినవచ్చినది. చకారాలు మాత్రం ఎప్పటివలెనే ఉన్నవి. భౌతికశాస్త్రం చదువుతున్న మిత్రుడు ఒకడు ఆ పరికరాన్ని పరీక్షించి నవ్వి, "భాయ్, నీకు దూపకు గ్లాసెడు నీళ్ళు గావాలె. నువ్వు ట్యాంకరు దెచ్చుకున్నవ్" అన్నాడు. ఆ రాత్రి అతడు నాకు నేర్పిన పాఠాన్నే, తరువాత నేను తెలుసుకొన్న విషయాలతో కలిపి, ఈ వ్యాసంలో విద్యార్థుల ముందు ఉంచుతున్నాను.

1. ఆంప్లిఫయరు చేసే పని

హెడ్‌ఫోను ఒక చిన్న లౌడ్‌స్పీకరు. దానిలోని పలుచని పొరను కదిలించడానికి విద్యుచ్ఛక్తి కావలె. పాట దాచిన యంత్రం నుండి వెలువడే సంకేతం బలహీనమైనప్పుడు దానిని పెంచి అందించేదే ఆంప్లిఫయరు. ఇంతకు మించి దానికి వేరే మహిమ లేదు. లేని స్వరాన్ని అది సృష్టించలేదు. చెడిపోయిన ధ్వనిముద్రణను బాగుచేయలేదు. మంచి ఆంప్లిఫయరు గుణం ఒక్కటే: తనకు ఇచ్చినదానిని మార్పు లేకుండ, తగినంత పెంచి ఇవ్వడం.

మరి ఆంప్లిఫయరు లేకుండ హెడ్‌ఫోను పలుకుతుందా? ఈ ప్రశ్నకు చరిత్ర జవాబు చెబుతున్నది. రేడియో తొలినాళ్ళలో బ్యాటరీ గాని ఆంప్లిఫయరు గాని లేని స్ఫటిక రిసీవర్లు ఉండేవి. గాలిలోని తరంగాల నుండి దొరికిన అత్యల్ప శక్తితోనే అవి పలికేవి. అందుకొరకై వాటి హెడ్‌ఫోన్లను వేల ఓముల అవరోధంతో తయారుచేసేవారు. యంత్రం ఎంత ఇవ్వగలదో, హెడ్‌ఫోను ఎంత కోరుతుందో తెలుసుకొని రెండింటికీ జోడు కుదుర్చడమే నాటి విద్య. నేటి విద్య కూడ అదే. పేర్లు మారినవి గాని సూత్రం మారలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించవలె. నేటి మొబైలు ఫోనులో గాని, కంప్యూటరులో గాని హెడ్‌ఫోను తగిలించే రంధ్రం ఉన్నదంటే, దాని వెనుక ఒక చిన్న ఆంప్లిఫయరు ఇదివరకే ఉన్నదని అర్థం. ఆ రంధ్రం లేని ఫోన్లకు తగిలించే చిన్న డాంగిల్‌లో, అంకెల రూపంలో ఉన్న పాటను విద్యుత్తరంగంగా మార్చే డాక్ అనే భాగంతోపాటు ఆంప్లిఫయరు కూడ ఉంటుంది. తీగ లేని బ్లూటూత్ హెడ్‌ఫోన్లలోనయితే ఆంప్లిఫయరు హెడ్‌ఫోను కడుపులోనే అమర్చి ఉంటుంది. వాటిని తీగ లేకుండ వాడుకొనేవారికి వేరే ఆంప్లిఫయరుతో పని లేదు. కావున మన ప్రశ్న "ఆంప్లిఫయరు కావలెనా?" అని కాదు, "ఉన్న ఆంప్లిఫయరు చాలునా, చాలదా?" అని.

2. చూడవలసిన రెండు అంకెలు

సాధారణంగా హెడ్‌ఫోను పెట్టె మీద రెండు అంకెలు ఉంటవి. మొదటిది అవరోధం, దానిని ఓములలో చెబుతారు. రెండవది సున్నితత్వం, ఒక మిల్లీవాటు శక్తి ఇచ్చినప్పుడు ఎన్ని డెసిబెళ్ళ శబ్దం పుట్టునో ఇది తెలుపుతుంది. కొందరు తయారీదారులు మిల్లీవాటుకు బదులు ఒక వోల్టుకు లెక్కగట్టి వ్రాస్తారు. ఈ రెండు కొలతలను కలగాపులగం చేయరాదు. ఉదాహరణకు 32 ఓముల హెడ్‌ఫోనుకు మిల్లీవాటుకు 97 డెసిబెళ్ళు అన్నా, వోల్టుకు 112 డెసిబెళ్ళు అన్నా అర్థం ఒక్కటే. రెండవ అంకెను చూసి అది గొప్ప హెడ్‌ఫోను అని భ్రమపడేవారు ఉన్నారు.

మూడవ అంకె మన ఫోను ఇచ్చే వోల్టేజి. దీనిని మనమే కొలుచుకొనవచ్చును. పాత ఇయర్‌ఫోను తీగ ఒకటి కత్తిరించి, అందులోని ఒక చెవి తీగకు, ఉమ్మడి తీగకు మల్టీమీటరు తగిలించవలె. ఫోనులో 60 హెర్ట్జ్‌ల పరీక్షాస్వరాన్ని పూర్తి స్థాయిలో మ్రోగించి, మీటరును ఏ.సి. వోల్టుల మీద ఉంచి చదువవలె. చౌక మల్టీమీటర్లు ఇంటి విద్యుత్తు పౌనఃపున్యానికి దగ్గరి స్వరాలనే సరిగా కొలుస్తవి. కనుకనే 60 హెర్ట్జ్‌లను ఎన్నుకొనడం. ఈ పరీక్ష చేయునప్పుడు హెడ్‌ఫోను చెవులకు పెట్టుకొనరాదు.

ఇక లెక్క. ఎనిమిదవ తరగతి పిల్లవాడు కూడ చేయగలిగినది. వోల్టేజిని వోల్టేజితో గుణించి, అవరోధంతో భాగించి, వేయితో గుణిస్తే మిల్లీవాట్లు వస్తవి. శక్తి రెట్టింపు అయిన ప్రతిసారి శబ్దం 3 డెసిబెళ్ళు పెరుగుతుంది. పది రెట్లయితే 10 డెసిబెళ్ళు పెరుగుతుంది. ఇంతే సూత్రం.

ఆడియో టెక్నికా వారి ఎం50ఎక్స్ హెడ్‌ఫోనును తీసుకొందాము. దాని అవరోధం 38 ఓములు; సున్నితత్వం 99 డెసిబెళ్ళు. ఒక వోల్టు ఇచ్చే డాంగిల్‌కు తగిలిస్తే దానికి సుమారు 26 మిల్లీవాట్లు అందుతవి. అనగా 14 డెసిబెళ్ళ పెరుగుదల. మొత్తం 113 డెసిబెళ్ళు. ఇది చెవికి అవసరమైనదాని కంటె ఎంతో ఎక్కువ. దీనికి వేరే ఆంప్లిఫయరు అక్కరలేదు.

బేయర్‌డైనమిక్ వారి డీటీ 770 ప్రో హెడ్‌ఫోను 32, 80, 250 ఓముల రకాలలో వచ్చినది. అందులో 250 ఓముల రకానికి సున్నితత్వం 96 డెసిబెళ్ళు. అదే డాంగిల్ దీనికి 4 మిల్లీవాట్లు మాత్రమే ఇవ్వగలదు. మొత్తం 102 డెసిబెళ్ళు. అర వోల్టు మాత్రమే ఇచ్చే ఫోనుకు తగిలిస్తే ఒక్క మిల్లీవాటు అంది, 96 దగ్గరనే ఆగిపోతుంది.

అంత శబ్దం చాలదా అని అడుగవచ్చును. సంగీతంలో సగటు స్థాయి వేరు, శిఖరం వేరు. శాస్త్రీయ సంగీతంలో ఒక్కొక్క క్షణం ధ్వని సగటు కంటె 15, 20 డెసిబెళ్ళు పైకి లేస్తుంది. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన మన తెలుగు ముస్లిం నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా (1924–1999) వాద్యాన్ని విన్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తవిలు మీద పడిన ఒక్క దెబ్బకు కూడ చోటు ఉండవలె. పైగా పాత ధ్వనిముద్రణలు అసలే తక్కువ స్థాయిలో ఉంటవి. అందుచేత శిఖరాల కొరకు 110 డెసిబెళ్ళ వరకు వెసులుబాటు ఉంటే నిశ్చింత. 250 ఓముల హెడ్‌ఫోనుకు ఆ స్థాయి రావలెనంటే 25 మిల్లీవాట్లు, అనగా రెండున్నర వోల్టులు కావలె. అది సాధారణ ఫోను ఇవ్వలేనిది. ఇక్కడ ఆంప్లిఫయరు నిజంగా అవసరం.

ఓములు ఎక్కువైతేనే ఆంప్లిఫయరు కావలెనన్నది కూడ అర్ధసత్యమే. ప్లేనార్ అనే రకం హెడ్‌ఫోన్లలో 25 ఓముల అవరోధమే ఉండి, సున్నితత్వం 91 డెసిబెళ్ళు మాత్రమే ఉండేవి గలవు. వాటిని 110 దాకా తీసుకొనిపోవుటకు దాదాపు 80 మిల్లీవాట్లు కావలె. వోల్టేజి 1.4 చాలును గాని, విద్యుత్ప్రవాహం 56 మిల్లీఆంపియర్లు ఉండవలె. నీటి ఉదాహరణతో చెప్పవలెనంటే, మొదటిదానికి ఎత్తు మీది ట్యాంకు కావలె. రెండవదానికి లావుపాటి గొట్టం కావలె. ఒక్క అంకెను చూసి నిర్ణయించినవాడు మోసపోతాడు. రెండు అంకెలు కలిపి చూడవలె.

3. అవసరమని తేలినప్పుడు ఏది కొనవలె?

లెక్క చేసిన తరువాత ఆంప్లిఫయరు కావలసిందేనని తేలితే, ఈ క్రింది నాలుగు సంగతులు గమనించవలె.

మొదటిది, మన హెడ్‌ఫోను అవరోధం దగ్గర ఆ ఆంప్లిఫయరు ఇచ్చే శక్తి. ప్రకటనలలో 32 ఓముల వద్ద వేయి మిల్లీవాట్లు అని పెద్ద అక్షరాలలో ఉంటుంది. మనది 250 ఓములైతే ఆ అంకెతో మనకు పని లేదు. అదియుగాక, శక్తి రెట్టింపు చేస్తే చెవికి తెలిసే భేదం 3 డెసిబెళ్ళే. పది రెట్లు పెంచితేనే శబ్దం సుమారు రెట్టింపు బిగ్గరగా తోస్తుంది. కావున 500కు, 1000కి మధ్య భేదం కొరకు వేల రూపాయలు ధారపోయడం అవివేకం.

రెండవది, ఆంప్లిఫయరు యొక్క స్వంత అవరోధం. ఇది హెడ్‌ఫోను అవరోధంలో ఎనిమిదవ వంతు మించరాదన్నది అనుభవజ్ఞులు పాటించే నియమం. 32 ఓముల హెడ్‌ఫోనుకు 4 ఓముల లోపు ఉండవలె. అంతకు మించినప్పుడు కొన్ని హెడ్‌ఫోన్లలో మంద్ర స్వరాలు అనవసరంగా ఉబ్బుతవి. మరి కొన్నింటిలో స్వరాల పొందిక మారుతుంది.

మూడవది, రొద. చెవి లోపల పెట్టుకొనే ఇయర్‌ఫోన్లు మిక్కిలి సున్నితమైనవి. వాటికి ఎక్కువ పెంపు గల ఆంప్లిఫయరు తగిలిస్తే నిశ్శబ్దంలో కూడ "సుయ్" మని వినబడుతుంది. నా గదిలో జరిగినది ఇదే. తక్కువ పెంపుకు, ఎక్కువ పెంపుకు మార్చుకొనే మీట ఉన్నదానిని ఎన్నుకొనవలె.

నాలుగవది, ధర. ధర పెరిగితే గుణం పెరుగునన్న నమ్మకాన్ని చెదరగొట్టిన సంఘటన ఒకటి 2011లో జరిగినది. తన అసలు పేరు వెల్లడించని ఒక ఇంజనీరు, ఎన్‌డబ్ల్యు ఏవీ గై అన్న మారుపేరుతో, "ఆబ్జెక్టివ్ 2" అనే ఆంప్లిఫయరు నమూనాను కొలతలతో సహా లోకానికి ఉచితంగా ప్రకటించినాడు. అందులో వాడిన భాగాలు బజారులో దొరికే సామాన్య భాగాలు. అయినను దాని కొలతలు ఎంతో ఖరీదైన యంత్రాల సరసన నిలిచినవి. తరువాతి సంవత్సరమే అమెరికాలో షీట్ అనే సంస్థ "మాగ్ని" అనే ఆంప్లిఫయరును 99 డాలర్లకు తెచ్చినది. తక్కువ ధరలో నిర్దోషమైన ఆంప్లిఫయరు సాధ్యమని అప్పటి నుండి రుజువవుతూనే ఉన్నది. నేడు మన నగరంలో వెయ్యి, రెండు వేల రూపాయల డాంగిలే చాలమంది అవసరాన్ని తీర్చగలదు. బల్ల మీద పెట్టుకొనే ఆంప్లిఫయరు, లెక్క కోరినప్పుడు మాత్రమే.

చేతిపని మీద ఆసక్తి గల సైన్సు విద్యార్థులకు మరొక మార్గం ఉన్నది. 1998లో చూ మోయ్ అనే ఆయన ఒక చిన్న ఐ.సి., 9 వోల్టుల బ్యాటరీ, కొన్ని నిరోధకాలు, కెపాసిటర్లతో జేబులో పట్టే ఆంప్లిఫయరు నమూనాను ప్రకటించినాడు. పుదీనా బిళ్ళల రేకు డబ్బాలో దానిని అమర్చుకొనడం ప్రపంచమంతట విద్యార్థులకు ఒక సరదా అయినది. దానికి కావలసిన భాగాలను కోఠీలోని గుజరాతీ గల్లీ దుకాణాలలో వెదకవచ్చును. తార్నాకలో బస్సు ఎక్కితే కోఠీ ఎంత దూరం? కొన్నదానికంటె చేసినది ఎక్కువ నేర్పుతుంది.

4. చెవి మోసం చేసే విధం

దుకాణంలో రెండు యంత్రాలను పోల్చి వినునప్పుడు ఒక మాయ ఉన్నది. రెండింటిలో కొంచెం బిగ్గరగా మ్రోగేదే మంచిదని చెవి తీర్పు చెబుతుంది. భేదం ఒక్క డెసిబెల్ అయినా, "ఇది బిగ్గర" అనిపించదు. "ఇది స్పష్టం, ఇది మధురం" అనిపిస్తుంది. అమ్మేవానికి ఈ సంగతి తెలుసు, కొనేవానికి తెలియదు. కావున మల్టీమీటరుతో రెండింటి వోల్టేజిని సమానం చేసి, ఏది మ్రోగుతున్నదో మనకు తెలియకుండ మిత్రుని చేత మార్పించి వినవలె. అప్పుడు కూడ భేదం తెలిస్తే అది నిజమైన భేదం. తెలియకపోతే మన డబ్బు మన జేబులోనే ఉండనివ్వవలె.

డబ్బు ఖర్చు పెట్టే వరుసక్రమం కూడ గుర్తుంచుకొనదగినది. మొదట హెడ్‌ఫోను, తరువాత దాని చెవి గద్దెలు, తరువాత మంచి ధ్వనిముద్రణ, చిట్టచివర ఆంప్లిఫయరు. 1968లో మన హైదరాబాదులోనే కన్నుమూసిన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ గానం చెడిపోయిన ప్రతిలో ఉంటే, లక్ష రూపాయల యంత్రం కూడ ఆ గమకాన్ని తిరిగి తేలేదు.

5. చెవి ఒక్కసారే దొరుకుతుంది

ఆంప్లిఫయరు కొనడంలో నష్టపోయిన సొమ్మును మళ్ళీ సంపాదించుకొనవచ్చును. పోయిన వినికిడిని సంపాదించలేము. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం, పెద్దవారు వారానికి 40 గంటలు 80 డెసిబెళ్ళ సగటు స్థాయిలో వినవచ్చును. పిల్లలకు 75 డెసిబెళ్ళే. 3 డెసిబెళ్ళు పెరిగిన ప్రతిసారి వినదగిన కాలం సగమవుతుంది. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు. ఇంతకుముందు మనం వేసుకొన్న 110 లెక్క క్షణకాలపు శిఖరాల కొరకే గాని, ఆ స్థాయిలో పాట వినుటకు కాదు.

తార్నాక కూడలిలో బస్సు కొరకు నిలిచి గాని, ఆర్ట్స్ కాలేజీ స్టేషను దాటే రైలులో గాని పాట వినే విద్యార్థి, బయటి రొదను మించి వినవలెనని శబ్దం పెంచుతాడు. అప్పుడు అతడు "నా ఫోను చాలుట లేదు" అని అనుకొంటాడు. చాలనిది ఫోను కాదు. బయటి శబ్దాన్ని ఆపే ఆచ్ఛాదన. అటువంటివానికి చెవులను మూసి ఉంచే హెడ్‌ఫోను మందు, ఆంప్లిఫయరు అపాయం.

ముగింపు

మా విద్యార్థి ప్రశ్నకు నేను ఏ యంత్రం పేరూ చెప్పలేదు. భౌతికశాస్త్ర ప్రయోగశాల నుండి మల్టీమీటరు అడిగి తెచ్చి, ఇద్దరమూ కొలిచినాము. అతని ఫోను 0.7 వోల్టు ఇచ్చినది. హెడ్‌ఫోను 32 ఓములు, 98 డెసిబెళ్ళు. కాగితం మీద అతడే లెక్క వేసినాడు: 15 మిల్లీవాట్లు, 12 డెసిబెళ్ళ పెరుగుదల, మొత్తం 110. అతడు ఆ అంకెను కొంతసేపు చూచి, "మరి పాట పల్చగ ఎందుకు వినిపిస్తది సార్?" అని అడిగినాడు. హెడ్‌ఫోను తెప్పించి చూచితిని. చెవి గద్దెలు చినిగి, చెవికి ఆనుట లేదు. ఆ సందుగుండా మంద్ర స్వరాలు పారిపోతున్నవి. కొన్ని వందల రూపాయలతో కొత్త గద్దెలు వేయించుకొన్నాడు. మిగిలిన సొమ్ము మూడవ సంవత్సరపు ఫీజుకు దాచుకొన్నాడు.

కళాశాల పాలకవర్గం వారికి ఈ సందర్భంలో ఒక మనవి. మన విద్యార్థులలో అనేకులు ఒంటిగది ఇళ్ళ నుండి వస్తున్నారు. గ్రంథాలయంలో ఒక మూల రెండు మంచి హెడ్‌ఫోన్లు, వాటికి తగిన ఒక ఆంప్లిఫయరు, ఒక మల్టీమీటరు ఉంచి, ఉర్దూ, తెలుగు ఉచ్చారణ పాఠాలు, సంగీతం వినే ఏర్పాటు చేయించగోరుతున్నాను. ఒక్కరు పదివేలు పెట్టి కొన్న యంత్రం ఒక్కరికే పలుకుతుంది. కళాశాల కొన్నది ఏటేటా వందలమందికి పలుకుతుంది.

విద్యార్థులకు చెప్పేది ఒక్క మాట. దుకాణానికి పోకముందు కాగితం, కలం తీసుకొని కూర్చొనండి. రెండు అంకెలు చదవండి; మూడవదానిని కొలవండి. అవసరమని లెక్క చెబితే నిస్సంకోచంగా కొనండి. అవసరం లేదని చెబితే, కొనకుండుటయే ఉత్తమమైన ఎన్నిక.